కాగితం పుచ్చుకోవాల్సిన మనిషి

చచ్చిపోయినవాడి చేతికి కోర్టు కాగితం ఇవ్వడం కుదరదు. ఈ సంగతి నాకు తెలుసు. అవతలి కంపెనీ లాయరు కర్టిస్ వాన్‌మీర్‌కి నాకంటే బాగా తెలుసు. అందుకే కొవాల్ వాళ్ళ తలుపు నేను తట్టగానే, ఇంటావిడకంటే ముందు తనే వచ్చి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యో, జెన్యా లూసిక్ గారా! ఇంత చలిలో అనవసరంగా శ్రమపడ్డారే. నెస్టర్ కొవాల్ లేరండీ."

"ఎక్కడికెళ్ళారు?"

"దేవుడి దగ్గరికి."

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నా మనసు చాలా హాయిగా ఉంది. మర్నాడు మా క్రిస్మస్. మాది తాతలు పాత దేశం నుంచి తెచ్చుకున్న పాత క్యాలెండరు, జనవరి ఏడున చేసుకుంటాం. కారు వెనకసీట్లో అమ్మ కోసం కొన్న కొత్త శాలువా, కోటు లోపలి జేబులో జడ్జి సంతకం పెట్టిన ఉత్తర్వు. దాన్ని నెస్టర్ చేతిలో పెట్టేసి, పండగ విందు మొదలుపెట్టే తొలిచుక్క పొడిచేలోపు ఇంటికి చేరిపోదామని లెక్కేసుకున్నాను. ఇదుగో, ఈ దేవుడి దగ్గరికి వెళ్ళడం ఒకటి మధ్యలో వచ్చి పడింది.

విషయం ఇదీ. మా ఊరు జోర్యాలో, మా చర్చికి ఒక కంచు గంట ఉండేది. మా తాతల కాలంలో ఇంటింటా చందా వేసుకుని తెప్పించుకున్నది. నా బాప్తిస్మానికి మోగింది, మా నాన్నని సాగనంపినప్పుడు మోగింది. పోయిన వేసవిలో చర్చి కమిటీ పెద్ద హ్యారీ స్మెరెకా నిచ్చెనేసుకుని గోపురం ఎక్కాడు. దిగొచ్చి, గంటకి పైన పగులు పట్టిందనీ, ఇంక మోగిస్తే ముక్కలై జనం నెత్తిన పడుతుందనీ చెప్పాడు. కమిటీలో మిగతావాళ్ళంతా డెబ్బై దాటినవాళ్ళు, నిచ్చెన ఎవరెక్కి చూస్తారు? హ్యారీ అన్న చెప్పాడు, అందరం నమ్మాం. బాగుచేసి క్రిస్మస్‌కల్లా తెచ్చిస్తామన్న సిల్వర్ డోమ్ కంపెనీని అల్బర్టా నుంచి వెతికి పట్టుకొచ్చిందీ అతనే.

అడ్డం పడింది మా అమ్మ ఒక్కతే. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, మీటింగులో కర్ర నేలకేసి కొట్టింది. "వాళ్ళది అల్బర్టా, మనది సస్కాచెవాన్. రేపేదైనా తేడా వస్తే ఎవడి చొక్కా పట్టుకోమంటారు? ముందు మన ప్రావిన్స్‌లో కంపెనీ పేరు నమోదు చేయించుకొమ్మనండి. కాగితం పుచ్చుకునే మనిషి ఒకణ్ణి ఇక్కడ చూపించమనండి. అప్పుడే గంట కదిలేది," అంది. ముసలావిడ చాదస్తం అని కొందరు నవ్వారు గానీ, చట్టం చెప్పేదీ అదే. బయటి ప్రావిన్స్ కంపెనీ ఇక్కడ వ్యాపారం చెయ్యాలంటే ఇక్కడ నమోదు కావాలి. ఇక్కడే కాపురం ఉండే మనిషిని ప్రతినిధిగా చూపించాలి. అతని చేతిలో కోర్టు కాగితం పెడితే కంపెనీ చేతిలో పెట్టినట్టే.

సిల్వర్ డోమ్ వాళ్ళు సణుక్కుంటూనే నమోదు చేయించుకున్నారు. ప్రతినిధిగా నెస్టర్ కొవాల్ అనే రైతు పేరిచ్చారు. గంట లారీ ఎక్కింది. ఆ తర్వాత కంపెనీలో ఫోనెత్తే నాథుడు లేడు. అమ్మ పోరు పడలేక హ్యారీ అన్నే కమిటీ తరఫున నన్ను పనిలో పెట్టాడు. కోర్టు కాగితాలు అందజెయ్యడం, కూపీలు లాగడం ముప్ఫయ్యేళ్ళుగా నా వృత్తి. నేను లాగిన కూపీ ఏమిటంటే, మా గంటని అమెరికాలో ఎవరో కొనేసుకున్నారు, ఎల్లుండి శుక్రవారం అది సరిహద్దు దాటిపోతుంది. గంట కదలడానికి వీల్లేదని జడ్జి రాసిచ్చాడు. కానీ ఆ మాట నెస్టర్ చేతికి అందాకే చెల్లుతుంది.

"ఎప్పుడొచ్చారు లాయరు గారూ?" అన్నాను బూట్లు విప్పుతూ.

"పొద్దుననగా వచ్చాను. పాపం ఆవిడ ఒంటరిగా ఉంది కదా, ఓదార్చడానికి."

అబద్ధం. వాకిట్లో అతని కారు చూసే వచ్చాను. ఇంజిను గడ్డకట్టకుండా వేడిచేసే వైరు ముందు వేలాడుతోంది, గోడకున్న ప్లగ్గులో పెట్టలేదు. ఇలాంటి చలిలో పొద్దుననగా వచ్చినవాడెవడూ కారుని అలా గాలికి వదిలెయ్యడు. ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చి, నాకంటే కాస్త ముందు లోపలికి దూరాడు. కానీ నేను వస్తున్నట్టు చెప్పింది ఎవరు? పొద్దున బయల్దేరేముందు హ్యారీ అన్నకి ఒక్కడికే ఫోన్ చేశాను. అమ్మకి కూడా చెప్పలేదు. ఈ ప్రశ్న మనసులో ఒక మూల పెట్టుకుని లోపలికి నడిచాను.

ఒరీసియా కొవాల్ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. గుండ్రటి మొహం, పిండి అంటిన చేతులు, తలకి నల్ల గుడ్డ. ఆ నల్లగుడ్డ మీద అంగడి మడతలు ఇంకా పోలేదు.

"చాలా బాధగా ఉందక్కా. ఎప్పుడు జరిగింది?"

ఆవిడ లాయరు వంక చూసింది.

"నవంబరులో," అన్నాడతను.

"మిమ్మల్ని కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్నావిణ్ణి అడుగుతున్నాను."

"నవంబరులోనేనమ్మా," అంది ఒరీసియా.

"ఎక్కడ?"

"మెక్సికోలో. సముద్రం ఒడ్డున."

"ఏమైంది?"

"గుండెపోటు," అన్నాడు లాయరు.

"మునిగిపోయారు," అంది ఒరీసియా.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. లాయరు మొహం కందగడ్డ అయింది. "ముందు గుండె ఆగిందండీ. ఆ తర్వాత మునిగారు," అని సర్దాడు.

"మీరు వెంట వెళ్ళలేదా అక్కా?"

"ఆవుల్నెవరు చూస్తారమ్మా?" అంది. పాపం, ఆ ఒక్క జవాబూ గబుక్కున, నిజంలాగా వచ్చింది.

"మరణ ధ్రువీకరణ మెక్సికో నుంచి రావాలి," అన్నాడు లాయరు, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని. "రెండు వారాలు పట్టచ్చు. ఆ తర్వాత కంపెనీ ఇంకో ప్రతినిధిని చూపిస్తుంది. ఆ కొత్తాయన పేరు తెలిశాక మీరు నిక్షేపంగా వెళ్ళి కాగితం ఇచ్చుకోండి. ఎవరొద్దన్నారు?"

"ఈలోపు శుక్రవారం దాటిపోతుంది."

"శుక్రవారం దాటితే శనివారం వస్తుంది. అది నా తప్పా మేడమ్? మీ వయసులో ఇంత పరుగులెందుకు? ఇంటికెళ్ళి పండగ చేసుకోండి."

నా వయసు యాభై తొమ్మిది. అతన్ని ఒక్క చేత్తో ఎత్తి మంచులో కూర్చోబెట్టగలను. ఆ మాట అనలేదు గానీ, అనుకున్నాను, అనుకుంటే కాస్త హాయిగా అనిపించింది.

అప్పుడే ఒరీసియా కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దం మీద పట్టిన మంచుని గీకి చూసింది. "చుక్క పొడిచిందమ్మా. కూర్చో, తిని వెళ్దువుగాని."

"ఆవిడ వెళ్ళాలి," అన్నాడు లాయరు.

"ఇవాళ గుమ్మంలోకొచ్చిన మనిషిని పంపెయ్యకూడదు బాబూ. నువ్వూ కూర్చో."

మా దగ్గర ఈ ఒక్క సాయంత్రం శత్రువొచ్చినా కంచం వేస్తారు. నన్ను ఆవిడతో ఒంటరిగా వదలడం ఇష్టంలేక లాయరు కూడా బల్ల దగ్గరికి జరిగాడు. నేను కూర్చుంటూ ఆ బల్లని ఇంచీ ఇంచీ చూశాను. గుడ్డ కింద పరిచిన ఎండుగడ్డి, రొట్టె మధ్యలో గుచ్చిన కొవ్వొత్తి, బీట్‌రూట్ చారు, క్యాబేజీ చుట్లు, బంగాళాదుంప కూరిన పెరోహీలు. వాసనకి నా కడుపు నన్ను అడక్కుండానే సంతోషించింది. బల్ల నడుమ గిన్నెనిండా కుత్యా, గోధుమలూ తేనే గసగసాలూ కలిపిన మా పండగ తీపి.

గోడవారన చనిపోయినవాళ్ళ చోటు. ఖాళీ కుర్చీ, ముందు చిన్న గిన్నె, చెంచా, దాని వెనకాల ఒక ముసలావిడ ఫోటో.

"ఎవరక్కా?"

"మా అత్తగారు. ఆన్నా."

ఫోటో అదొక్కటే. నవంబరులో పోయిన మొగుడి ఫోటో లేదు.

ఇంకోటి. మేం కూర్చోకముందే బల్ల మీద రెండు కంచాలున్నాయి. మా ఇద్దరికీ ఆవిడ అలమరలోంచి మరో రెండు తీసింది.

"ఒక్కరే ఉంటారు కదా, రెండో కంచం ఎవరికక్కా?"

"దారిన పోయేవాళ్ళెవరైనా వస్తారేమోనని."

కొన్ని ఇళ్ళలో అలా పెట్టేమాట నిజమే. కానీ ఆ కంచం పక్కన గ్లాసులో ఇంట్లో కాచిన సారా అప్పటికే పోసి ఉంది. ఎవడొస్తాడో తెలియని బాటసారికి ముందే పోసిపెట్టే ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు.

నాకు నవ్వొచ్చింది, పైకి నవ్వలేదు. లాయరు ఆవిడకి మెక్సికో నేర్పాడు, సముద్రం నేర్పాడు, నల్లగుడ్డ కొనిచ్చాడు. బల్ల సంగతి మాత్రం అతనికి తెలియదు. అతని క్రిస్మస్ డిసెంబరులోనే అయిపోయింది. ఈ ఇంట్లో ఇవాళ ఎవరికి ఎక్కడ కంచం వేస్తారో అతనికేం తెలుసు?

"కానివ్వండక్కా," అన్నాను. "ఇంటికి పెద్ద మీరే కదా ఇప్పుడు. పేర్లు చెప్పండి. ఈ ఏడాది పోయినవాళ్ళ పేరు ముందు."

ఆవిడ మొహం పాలిపోయింది. కుత్యా మొదటి చెంచా నోట్లో పెట్టుకునేముందు, ఇంటిపెద్ద చనిపోయినవాళ్ళని పేరుపేరునా విందుకి పిలవాలి. బతికున్నవాడి పేరు పొరపాటున కూడా అందులో కలపరు. కలిపితే ఆ మనిషి వచ్చే క్రిస్మస్ చూడడని మావాళ్ళ భయం. ఒరీసియా చెంచాని గిన్నెలో ముంచి, మళ్ళీ తీసి పక్కన పెట్టడం చూస్తే నాకు జాలేసింది. పండగపూట ఒక ఆడమనిషిని అలా ఇరకాటంలో పెట్టడం నాకేం గొప్పగా లేదు. అయినా ఊరుకోలేదు. రేపు పొద్దున చర్చిలో గంట మోత కోసం చెవి రిక్కించి కూర్చునే అమ్మ మొహం కళ్ళముందు మెదిలింది.

"మా అత్తగారు ఆన్నా," అంది ఒరీసియా. "మా నాన్న మిహైలో. మా చిన్నమ్మ..." ఆగిపోయింది.

"ముందు చెప్పాల్సిన పేరు వదిలేశారక్కా."

"వస్తున్నానమ్మా... మా మేనత్త పరాస్కా..."

"అబ్బ, ఆయన పేరు కూడా చెప్పెయ్యండి, భోంచేద్దాం!" అన్నాడు లాయరు విసుగ్గా. "ఒక్క ముక్క. నెస్టర్ అనండి చాలు. అనడానికి ఏం పోయింది?"

ఆవిడ అతని వంక చూసింది. నా వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచి, "నె..." అంది.

"ఒసే ఒరీసియా! ఎత్తకే! నా పేరెత్తకు!"

కేక మా కాళ్ళ కిందనుంచి వచ్చింది. బల్ల పక్కనున్న కంబళి పైకి లేచింది, దాని కిందనుంచి చెక్క తలుపు లేచింది, దాని కిందనుంచి దుంపలు దాచుకునే నేలమాళిగలోని మట్టితో సహా ఒక పెద్దమనిషి లేచాడు. పండగ చొక్కా వేసుకుని ఉన్నాడు, జుట్టునిండా సాలెగూడు.

"ఎల్లుండి దాకా చచ్చిపొమ్మన్నావు, సరే అన్నాను," అని లాయరు మీద విరుచుకుపడ్డాడు. "విందులో నా పేరు పిలిపిస్తావా? నేను వచ్చే క్రిస్మస్ కూడా తినాలయ్యా!"

ఒరీసియా నల్లగుడ్డ పీకి అవతల పారేసి, అతని మెడ పట్టుకుని బావురుమంది. "నేను అనలేదండీ. సగమే అన్నాను. సగానికి ఏం కాదు కదా?"

"నెస్టర్ గారూ," అన్నాను లేచి. "మెక్సికోలో ఎండలు ఎలా ఉన్నాయి?"

ఆయన తల దించుకున్నాడు. నేను కోటు జేబులోంచి ఉత్తర్వు తీయగానే రెండు చేతులూ వీపు వెనకాల దాచుకున్నాడు, ఇంజెక్షనుకి భయపడ్డ పిల్లాడిలాగ.

"పుచ్చుకోనమ్మా. పుచ్చుకుంటే నన్ను జైల్లో వేస్తారట. ప్రతినిధిగా సంతకం పెట్టాను కాబట్టి కంపెనీ అంటే నేనేనట."

"ఎవరన్నారు?"

ఆయన గడ్డంతోనే లాయరుని చూపించాడు.

నాకు ఒళ్ళు మండింది. "సిగ్గు లేదూ మీకు? చదువుకున్నారు, కోటు వేసుకున్నారు. చలిలో ఒక ముసలాయన్ని దుంపల మధ్య పడుకోబెట్టారు!" అని అతన్ని కడిగేసి, నెస్టర్ వైపు తిరిగాను. "ప్రతినిధి పని కాగితం పుచ్చుకుని కంపెనీకి పంపడం. అంతే. వాళ్ళు చేసిన తప్పు మీది కాదు. పోస్టు డబ్బాని ఎవరైనా జైల్లో వేస్తారా చెప్పండి?"

"వెయ్యరా?"

"వెయ్యరు. తప్పుడు మాట చెప్పి దాక్కుంటే మాత్రం జడ్జికి కోపం వస్తుంది."

ఆయన ఒక చెయ్యి ముందుకి తెచ్చాడు. కాగితం అందులో పెట్టాను. ఒరీసియా గట్టిగా ఊపిరి వదిలింది, నేనూ వదిలాను.

"ఇది చెల్లదు!" లాయరు కుర్చీ తోసి లేచాడు. "పండగ రోజున, విందు బల్ల దగ్గర, కుట్ర చేసి..."

"ఎవరికి పండగ బాబూ? మీ క్యాలెండర్లో ఇవాళ మామూలు బుధవారం. కోర్టు కూడా మీ క్యాలెండరే చూస్తుంది."

అతను కోటు తగిలించుకుని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. కారు ఒకసారి మూలిగింది. రెండోసారి దగ్గింది. ఆ తర్వాత ఆ మాత్రం కూడా లేదు. కాసేపటికి తలుపు తట్టిన చప్పుడైంది. ముక్కు ఎర్రగా చేసుకుని అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"రా బాబూ, కూర్చో," అంది ఒరీసియా, ఏమీ జరగనట్టు. "చారు వేడిగా ఉంది."

అతనికి చారు పోస్తుంటే నెస్టర్ నా మోచెయ్యి తట్టాడు. "ఇంక దాచి లాభమేముంది? ఒకటి చూపిస్తాను రామ్మా."

పశువుల కొట్టంలో ఆవుల ఊపిరికి గాలి వెచ్చగా ఉంది. చివరి గదిలో ఎండుగడ్డి కుప్ప. ఆయన పారతో గడ్డి లాగేశాడు. కింద మందపాటి దూలానికి వేలాడేసిన మా గంట. అంచుమీద మా తాత పేరుతో సహా చందా ఇచ్చినవాళ్ళ పేర్లు, నా చిన్నప్పుడు వేలితో తడిమినవే. అల్బర్టాకి పోయిందనుకున్నది అసలు మా ప్రావిన్సే దాటలేదు. జడ్జి మాట దానిమీద నిక్షేపంగా పనిచేస్తుంది.

"బాగుచెయ్యడానికి వీల్లేక కంపెనీకి అమ్మేశారని చెప్పారు నాతో," అన్నాడు నెస్టర్. "లారీ వచ్చేదాకా నీ కొట్టంలో ఉంచు అన్నారు. పోయిన వారం ఊరికే, ఎలా పలుకుతుందో చూద్దామని కొట్టాను. ఇదుగో, ఇలా."

మూల ఉన్న చెక్క సుత్తి తీసి కొట్టాడు.

గంట నిండుగా మోగింది. జీర లేదు, గరగర లేదు. ఆవులు తలలెత్తాయి. ఆ మోత నా పక్కటెముకల్లోంచి పోయింది, నాన్నని సాగనంపిన రోజు గుర్తొచ్చింది, నేను కొట్టం మధ్యలో నిలబడి ముక్కు చీదుకున్నాను. సంతోషానికే ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ తర్వాత గానీ బుర్ర పనిచెయ్యలేదు. పగిలిన గంట ఇలా మోగదు. పగిలిందని చెప్పింది ఒక్కడే.

"నెస్టర్ గారూ, మిమ్మల్ని ప్రతినిధిగా ఉండమని అడిగిందెవరు? ఈ లాయరా?"

"ఛ, వీణ్ణి నేను చూసింది మొన్ననే. మా హ్యారీ అడిగాడు. హ్యారీ స్మెరెకా. ఇద్దరం ఒకప్పుడు ఒకే జట్టులో, మంచుమీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట ఆడేవాళ్ళం. కాఫీ తాగుతూ, 'ఇక్కడుండే మనిషి పేరొకటి కావాలిరా, ఏడాదికో కవరు వస్తుంది, సొరుగులో పడేసుకో' అన్నాడు. స్నేహితుడు అడిగితే కాదంటామా? సంతకం పెట్టేశాను. గంట బాగానే మోగుతోందని కూడా వాడికే ఫోన్ చేసి చెప్పాను. మర్నాడే ఈ లాయరొచ్చి నన్ను చచ్చిపొమ్మన్నాడు."

అమ్మ కర్ర కొట్టి అడిగిన ఆ మనిషిని, కాగితం పుచ్చుకోవాల్సిన మనిషిని, హ్యారీ అన్నే తెచ్చి ఇచ్చాడన్నమాట. నాన్న పోయినప్పుడు శవపేటికకి భుజం పట్టిన హ్యారీ అన్న. నన్ను పనిలో పెట్టి, నేను ఎప్పుడెక్కడికి వెళ్తున్నానో పొద్దున్నే కనుక్కునే హ్యారీ అన్న. 

ఫోన్ మోగింది. పేరు చూసి నెస్టర్‌ని మాట్లాడొద్దని సైగ చేశాను.

"ఏమ్మా జెన్యా," అన్నాడు హ్యారీ అన్న, ఎప్పటిలాగే తియ్యగా. "ఇంటికి చేరావా? పాపం ఆ నెస్టర్ పోయాడటగా. ఏం చేస్తాంలే, మన ప్రాప్తం అంతే. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను."

నెస్టర్ పోయాడని నేను అతనితో అనలేదు. ఎవరితోనూ అనలేదు.

"అన్నా, ఒక్క నిమిషం లైన్లో ఉండు," అన్నాను. ఫోన్ గంట దగ్గరగా పట్టుకుని నెస్టర్‌కి తల ఊపాను.

ఆయన ఈసారి రెండు చేతులా కొట్టాడు. మోత తగ్గేదాకా ఆగి ఫోన్ చెవికి పెట్టుకున్నాను. 

"జెన్యా," అన్నాడు హ్యారీ అన్న. గొంతులో ఇందాకటి తీపి లేదు. "ఎక్కడున్నావు?"

"గంట దగ్గరున్నా. రేపు పొద్దున్నే చర్చికి రా అన్నా. అమ్మ ముందువరసలో కూర్చుంటుంది. వచ్చేటప్పుడు ఆ నిచ్చెన తెచ్చుకో. దింపినవాడివి నువ్వే కదా, ఊరంతా చూస్తుండగా నువ్వే ఎక్కించాలి."